ఇల్లిచ్చారు సరే, నేలేదీ?

మనం అద్దెకి ఇల్లు చూడటానికి వెళ్తే ఏమేం చూస్తామో మీకు నేను చెప్పక్కర్లేదు. వాకిలి ఏ వైపు, పంపు ఎన్నింటికి వస్తుంది, వంటింట్లో గట్టు మన ఎత్తుకి సరిపోతుందా, ఇంటివాళ్ళు పై వాటాలో ఉంటారా పక్క వాటాలోనా - ఇవన్నీ చూస్తాం. మాటల్లో పెట్టి ఇంటావిడ స్వభావం కూడా చూస్తాం. అంతేగాని, "ఏవండీ, మీ ఇంటికి నేల ఉందా?" అని అడిగినవాళ్ళని నేనెరగను. గోడలూ కప్పూ ఉన్నాక నేల ఎక్కడికి పోతుంది? మొజాయిక్ కాకపోతే షాబాదు బండలు, అవీ లేకపోతే నున్నటి సిమెంటు గచ్చు. తడిగుడ్డ పెట్టి తుడిస్తే చాలు, అద్దంలా ఉంటుంది.

నేల లేని ఇళ్ళు కూడా ఉంటాయని నాకు తెలిసింది వేల్స్ వెళ్ళాకే.

వేల్స్ అంటే బ్రిటన్‌కి పడమటి పక్కనున్న చిన్న దేశం. మన వాళ్ళు పిల్లలు అక్కడున్నా సరే, "లండన్‌లో ఉన్నాడండీ" అనే చెప్పుకుంటారు, అది వేరే సంగతి. జనాభా 31 లక్షలు. గొర్రెలు అంతకు రెట్టింపు పైనే ఉంటాయి. కొండలు, వాన, ఒకప్పుడు బొగ్గు గనులు, ఆ గనుల చుట్టూ లోయల్లో వరసకట్టి నిలబడ్డ ఇళ్ళు. మా అమ్మాయి అక్కడొక ఆసుపత్రిలో పనిచేస్తోంది. 2025 వేసవిలో మా వారూ నేనూ వెళ్ళి మూడు నెలలున్నాం. ఊరి పేరు చెప్పను. పక్కింటావిడ గురించి రాయబోతున్నాను కదా, ఆవిడకది మర్యాద కాదు.

అమ్మాయి ఉండే ఇల్లూ, పక్కింటావిడ ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ. కవలపిల్లల్లా ఉంటాయి. పక్కింటావిడకి యాభై ఎనిమిదేళ్ళు. భర్త పోయాడు, పిల్లలు పెద్దవాళ్ళయి వెళ్ళిపోయారు. బడి వంటశాలలో పూటపని చేస్తుంది. మనిషి మహా కలుపుగోలు. నేను చీర కట్టుకుని దొడ్లో బట్టలు ఆరేస్తుంటే గోడ మీంచి తొంగిచూసి, "వాన వస్తుంది, తీసేయండి" అంది మొదటిరోజు. అన్నట్టుగానే పావుగంటలో వచ్చింది. మర్నాడు టీకి పిలిచింది.

ముందుగదిలో మెత్తటి తివాచీ, మెట్ల మీద తివాచీ, అంతా ముచ్చటగా ఉంది. ఇల్లు చూపిస్తానని మేడ మీదికి తీసుకెళ్ళింది. అక్కడో గది తలుపు తీసేసరికి కింద ఉత్త చెక్కలు. పాలిష్ పెట్టిన చెక్కలనుకునేరు, కాదు. గరుకు బల్లలు, సందులు, మధ్యమధ్య మేకుల తలలు. రిపేరు జరుగుతోంది కాబోలనుకుని, "ఎప్పటికవుతుంది?" అని అడిగాను.

"2009 నించీ ఇలాగే ఉంది" అని నవ్వింది.

అప్పుడు చెప్పింది. ఆవిడకి ఈ ఇల్లు కేటాయించిన రోజున తాళం తీసి చూస్తే కింద సిమెంటు, మేడ మీద చెక్కలు, అంతే. ముందున్నవాళ్ళు వదిలేసి వెళ్ళిన తివాచీ బాగున్నా సరే, శుభ్రత పేరుతో పీకి బయట పారేసి, బోసి నేలతో ఇల్లు అప్పజెప్పటం అక్కడి ఆనవాయితీ. వేసుకుంటే మీ డబ్బుతో మీరు వేసుకోవాలి. ఇల్లు ఇచ్చేదే డబ్బు లేనివాళ్ళకి! మొదటి ఏడాది ముందుగదికి వేయించింది. మూడో ఏడాది మెట్లకి. ఇలా ఒక్కొక్క గదీ, మనం గాజులు చేయించుకున్నట్టు, ఏడాదికో జతగా. పిల్లలు చాన్నాళ్ళు ఇంట్లో కూడా బూట్లతోనే తిరిగేవారట. మనకైతే సిమెంటు నేల చల్లగా హాయిగా ఉంటుంది. అక్కడి చలికాలంలో ఆ చల్లదనం పాదాల్లోంచి ఎముకల్లోకి ఎక్కుతుంది. పైన నడిస్తే చప్పుడు పక్కింటికి కూడా వినిపిస్తుంది. పిల్ల స్నేహితురాళ్ళని ఇంటికి పిలవటానికి సిగ్గుపడేదట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ నవ్వలేదు.

ఇంత చిన్న విషయం ప్రభుత్వానికి తోచటానికి 2023 దాకా పట్టింది. అద్దెదార్ల సంఘాలు ఎన్నాళ్ళుగానో మొత్తుకోగా మొత్తుకోగా, 'వేల్స్ గృహ నాణ్యతా ప్రమాణం' అని ఒకటుంది లెండి, దాన్ని ఆ ఏడాది తిరగరాశారు. 2024 ఏప్రిల్ ఒకటో తారీకు నించి అమలు. ఇకమీదట ఇలాంటి ఇల్లు ఎవరికైనా కొత్తగా అద్దెకిచ్చేటప్పుడు గదులకీ మెట్లకీ నేలపరుపు వేసి మరీ ఇవ్వాలని అందులో రాశారు. చదవటానికి ఒక్క వాక్యం. కాని ఆ వాక్యం రాసిన మనిషి ఎవరోగాని తప్పకుండా ఎప్పుడో ఒకప్పుడు చంటిపిల్లని నేలమీద దింపబోయి ఆగిపోయిన మనిషై ఉండాలని నాకనిపించింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇల్లు చేతులు మారేటప్పుడే ఈ నియమం. ఉన్నింట్లోనే ఉన్నవాళ్ళకి వర్తించదు. అంచేత పదహారేళ్ళుగా ఉంటున్న మా పక్కింటావిడకి ఆ మేడగది చెక్కలే గతి.

ఇంతకీ ఇవి ఎవరి ఇళ్ళు అని మీకు సందేహం రావాలి. మన దగ్గర ప్రభుత్వం ఇల్లిచ్చిందంటే పట్టా ఇచ్చినట్టే. పేరు రాయించుకుని, రంగు వేయించుకుని, మనవలకి కూడా అట్టే పెట్టుకుంటాం. అక్కడ అలా కాదు. ఇల్లు కౌన్సిల్‌దే, మనకి అద్దెకిస్తుంది. బజారు కంటే తక్కువ అద్దె. అద్దె కట్టుకుంటూ మర్యాదగా ఉన్నంతకాలం ఎవరూ లేవమనరు. ఇది 1919లో మొదలైంది. అప్పటి బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ వేల్స్ మనిషే. మొదటి యుద్ధం నించి తిరిగొచ్చిన సైనికులకి గౌరవంగా ఉండే ఇళ్ళు కట్టించాలని చట్టం తెచ్చారు. రెండో యుద్ధం అయ్యాక ట్రెడీగార్ అనే గనుల ఊరివాడు అన్యూరిన్ బెవాన్ మంత్రి అయ్యాడు. ఉచిత వైద్యం పెట్టిన మనిషిగా ఆయన పేరు అందరికీ తెలుసు. ఇళ్ళ శాఖ కూడా ఆయన చేతిలోనే ఉండేదని చాలామందికి తెలియదు. పేదవాళ్ళకి కదా అని ఇరుకుగా కట్టటానికి ఆయన ఒప్పుకోలేదు. మూడు పడగ్గదుల ఇంటికి తొమ్మిదివందల చదరపు అడుగుల ప్రమాణం పెట్టాడు. ఇళ్ళ లెక్క తగ్గుతోందని అందరూ దెప్పినా వినలేదు. అమ్మాయి ఉండే ఇల్లు ఆ కాలంలో కట్టిందే. మెట్ల కింద అరలో నేను ఉల్లిపాయల బుట్ట పెట్టుకునేదాన్ని. ఆ అరని వాళ్ళ భాషలో 'కుచ్' అంటారు. ప్రేమగా దగ్గరికి తీసుకుని కావలించుకోవటాన్ని కూడా 'కుచ్' అనే అంటారు. ఇరుకులో వెచ్చగా ఉండటం రెండింట్లోనూ ఉంది కదా.

మరి కౌన్సిల్ కట్టిన ఇంట్లో మా అమ్మాయి ఎలా ఉందంటారా? వీసా మీద వెళ్ళిన మన పిల్లలకి ఆ ఇళ్ళకి దరఖాస్తు పెట్టుకునే అర్హతే లేదు. అసలు కథ ఇక్కడుంది. 1980లో థాచరమ్మ ప్రభుత్వం, ఎవరుండే కౌన్సిల్ ఇల్లు వాళ్ళే కొనుక్కోవచ్చునని చట్టం చేసింది. మూడేళ్ళున్నవాళ్ళకి ధరలో మూడోవంతు తగ్గింపు, ఇరవయ్యేళ్ళున్నవాళ్ళకి సగానికి సగం. ఎవరు కాదంటారు? నేనైనా కొనుక్కునేదాన్నే. 1981 నించి 2016 లోపల ఒక్క వేల్స్‌లోనే 1,39,000 ఇళ్ళు అలా అమ్ముడుపోయాయి. 1981లో ఉన్న ఇళ్ళలో అది నూటికి 45 వంతులు. అమ్మినన్ని మళ్ళీ కట్టారా అంటే, లేదు. కొనుక్కున్న తరం సంతోషంగా కాలం గడిపి వెళ్ళిపోయింది. వాళ్ళ పిల్లలు అమ్మేశారు. ఎక్కడో ఉన్న ఆసామీ ఎవరో కొని అద్దెకిచ్చాడు. అందులో మా అమ్మాయి. గోడకి ఇటు పక్క అద్దె, అటు పక్క అద్దెకి ఒకటిన్నర రెట్ల పైనే. ఇటుకలు మాత్రం ఒకే బట్టీవి.

వేల్స్ ప్రభుత్వం 2018లో చట్టం చేసి, 2019 జనవరి 26 నించి ఈ అమ్మకాలని పూర్తిగా ఆపేసింది. ఇంగ్లండులో ఆ హక్కు ఉండగానే వేల్స్‌లో తీసేశారు. "అయ్యో, సొంతిల్లు చేసుకునే అవకాశం పోయిందే" అని నేను పక్కింటావిడతో సానుభూతిగా అన్నాను. ఆవిడ నా వంక వింతగా చూసి, "మా అక్కయ్య కొనుక్కుంది. దాని మనవరాలికి ఇప్పుడు అద్దెకి ఇల్లు దొరకటం లేదు" అంది. నాకు తోచింది వెంటనే అనేస్తాను గాని, ఆ రోజు మటుకు టీ తాగి ఊరుకున్నాను.

ఆ మనవరాలి సంగతి తర్వాత చెప్తాను. ముందు అక్కడి ఇద్దరత్తల కాపురం గురించి చెప్పాలి. ఇళ్ళ వ్యవహారం కార్డిఫ్‌లోని వేల్స్ ప్రభుత్వం చేతిలో ఉంది. వాళ్ళ చట్టసభని సెనెడ్ అంటారు. పేదవాళ్ళకి అద్దె కట్టుకోటానికిచ్చే సాయం లండన్ ప్రభుత్వం చేతిలో ఉంది. ఒక అత్త తాళాలు పట్టుకుంటే ఇంకో అత్త బియ్యం డబ్బా పట్టుకున్నట్టు. కోడలి అవస్థ మీరే ఊహించుకోండి. 2013 ఏప్రిల్ నించి లండన్ అత్త ఒక లెక్క పెట్టింది. పని వయసులో ఉండి అద్దె సాయం తీసుకునే అద్దెదారుకి ఒక పడగ్గది అవసరానికి మించి ఉంటే అద్దెలో నూటికి 14 వంతులు, రెండు గానీ ఆ పైన గానీ మించి ఉంటే 25 వంతులు సాయంలో కోత. జనం దానికి 'పడగ్గది పన్ను' అని పేరు పెట్టుకున్నారు. పక్కింటావిడకి పిల్లలు వెళ్ళిపోయాక రెండు గదులు మిగిలాయి. పావువంతు కోత. ఆ చెక్కల గదికి కూడా లెక్కే!

"అయితే చిన్న ఇంటికి మారిపోవచ్చు కదా?" అన్నారు మా వారు. ఆయన బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైన మనిషి, అన్నిటికీ దారి కనిపిస్తుంది ఆయనకి. దరఖాస్తు పెట్టి చాలా ఏళ్ళయిందట. ఒక పడగ్గది ఇళ్ళుంటేగా? గనుల రోజుల్లో కుటుంబాల కోసం కట్టినవి, అన్నీ మూడేసి గదులవే. ఒంటరివాళ్ళు ఇంతమంది అవుతారని అప్పుడెవరు అనుకున్నారు? ఇప్పుడు వరసలో ఎక్కువగా ఉన్నది వాళ్ళేనట. మారితే కొత్త నియమం ప్రకారం నేల కూడా వేసి ఇస్తారు. మారటానికే లేదు.

చెమ్మ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను. ఆవిడ పడగ్గది మూలలో, మంచం వెనక, నల్లటి బూజు. మనకి బూజంటే సాలెగూడూ బూజే, మాగాయి మీద పట్టేదీ బూజే. కర్రకి గుడ్డ కట్టి దులుపుతాం, లేదా పైపొర తీసి పారేస్తాం. ఈ బూజు దులిపితే పోయేది కాదు. గోడలోంచి వస్తుంది. ఆవిడ తుడుస్తుంది, వారానికి మళ్ళీ వస్తుంది. దగ్గు కూడా వస్తుంది. ఇంటి యాజమాన్యానికి చెప్తే, ముందు వచ్చిన మనిషి కిటికీలు తెరిచి ఉంచమనీ, బట్టలు ఇంట్లో ఆరెయ్యొద్దనీ ఉపదేశం చేసి పోయాడట. ఏడాదిలో సగం రోజులు వాన కురిసే ఊళ్ళో బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో కూడా చెప్పి పోతే బాగుండేది. కిటికీ తెరిస్తే వెచ్చదనం పోతుంది, వెచ్చదనం అంటే డబ్బు. 2022లో గ్యాసు ధరలు పెరిగాక ఆవిడ సాయంత్రం రెండు గంటలు మాత్రమే హీటర్ వేసేది, మిగతా వేళ కంబళి కప్పుకుని కూచునేది. చల్లటి గోడకి చెమ్మ పట్టకేం చేస్తుంది?

ఇలాంటి చెమ్మ వల్లే 2020 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అదీ ఇలాంటి సామాజిక గృహమే. ఆ పసివాడి పేరు మీదే ఇంగ్లండులో చట్టం వచ్చింది, ఫిర్యాదు చేశాక ఇన్ని రోజుల్లో చూసి బాగుచెయ్యాలని. వేల్స్‌లో 2022 డిసెంబరు ఒకటి నించి అద్దె ఇళ్ళ కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఇల్లు మనిషి ఉండటానికి యోగ్యంగా ఉండితీరాలని అందులో ఉంది. ఏమేం చూడాలో 29 విషయాల జాబితా, అందులో మొట్టమొదటిది చెమ్మా బూజూనే. పొగ పసిగట్టే గంట ఉండాలి, అయిదేళ్ళకోసారి కరెంటు తీగలు పరీక్ష చేయించాలి.

ఆ చట్టంలో 'అద్దెదారు' అన్న మాటే తీసేసి 'ఒప్పందదారు' అన్నారు. పేరు మారిస్తే ఏమొచ్చిందిలే అనుకున్నాను గాని, మా వారు చదివి చెప్పిన రెండు సంగతులు నాకు బాగా నచ్చాయి. ఒకటి, ఇంట్లో మంచాన పడ్డ తల్లికో తండ్రికో సేవ చేస్తూ కూడా ఉన్న మనిషికి, ఆ పెద్దవాళ్ళు పోయాక అదే ఇంట్లో ఉండిపోయే హక్కు రావచ్చు. ఇన్నాళ్ళూ చాకిరీ చేసిన కూతుర్ని పన్నెండో రోజున వీధిలోకి పంపకుండా అన్నమాట. రెండోది, మొగుడూ పెళ్ళాల ఇద్దరి పేరునా ఒప్పందం ఉంటే, చెయ్యి చేసుకునే మనిషిని మాత్రమే కోర్టు ద్వారా బయటికి పంపి, దెబ్బలు తిన్న మనిషిని ఇంట్లో ఉంచే వీలు. మన పక్కన ఇలాంటి గొడవ వస్తే మూటాముల్లే సర్దుకునేది ఎవరో మీకు తెలుసు.

ఇక డబ్బు సంగతి. ఇదే అసలు చిక్కు. మా పక్కింటావిడ ఇంటికి ఇప్పుడు యజమాని కౌన్సిల్ కూడా కాదు. వేల్స్‌లో 22 కౌన్సిళ్ళుంటే, పదకొండు తమ ఇళ్ళు తమ దగ్గరే అట్టేపెట్టుకున్నాయి. మిగతా పదకొండూ అద్దెదార్ల ఓటు తీసుకుని హౌసింగ్ అసోసియేషన్లకి అప్పగించేశాయి. 2003లో బ్రిడ్జెండ్‌తో మొదలైంది ఇది. పాత ఇళ్ళని బాగుచెయ్యటానికి కౌన్సిళ్ళ దగ్గర డబ్బు లేదు, వీళ్ళయితే బ్యాంకుల్లో అప్పు తేగలరు. లాభం పంచుకునే సంస్థలు కావు. అయితే వీళ్ళకి ముఖ్యమైన రాబడి అద్దే. ఆ అద్దె ఎంత పెంచవచ్చో ప్రభుత్వం ఏటా హద్దు గీస్తుంది. ధరలు నూటికి పది పెరిగిన ఏడు, అంటే 2023లో, అద్దె ఆరున్నరకి మించి పెంచొద్దన్నారు. తర్వాతి ఏడు 6.7, 2025లో 2.7.

ఇప్పుడు మీరే ఆ సంస్థ నడుపుతున్నారనుకోండి. మేస్త్రీ కూలీ పెరిగింది, కలప ధర పెరిగింది, బ్యాంకు వడ్డీ పెరిగింది. చేతిలో ఉన్నది ఒకటే పర్సు. అందులోంచే పాత ఇంటి చెమ్మ ఆపాలి. అందులోంచే నేలలు వెయ్యాలి. కొత్త ప్రమాణం ప్రకారం 2030 నాటికి ప్రతి ఇల్లూ తక్కువ ఖర్చుతో వెచ్చబడేలా కనీసం 'సి' తరగతికి రావాలి. అంటే గోడలకి దుప్పటి కప్పినట్టు పొరలు వెయ్యాలి, కిటికీలు మార్చాలి. బ్రిటన్ మొత్తంలో పాత ఇళ్ళు ఎక్కువగా ఉన్నది వేల్స్‌లోనే, కొండవాలు మీద రాతి గోడల ఇళ్ళు. ఇంకా వాటిలోంచే కొత్త ఇళ్ళు కూడా కట్టాలి. ప్రభుత్వం కొంత ఇస్తుంది, మిగతాది అప్పు, ఆ అప్పు తీర్చేది మళ్ళీ పక్కింటావిడ కట్టే అద్దె. అద్దె పెంచితే ఆవిడ హీటర్ ఆపేస్తుంది. పెంచకపోతే గోడ బాగుపడదు. హీటర్ ఆపినా గోడ బాగుపడదు. మా వారు కాగితం మీద మూడుసార్లు లెక్క వేసి పెన్ను కింద పెట్టేశారు.

2021లో ప్రభుత్వం, 2026 నాటికి 20,000 అద్దె ఇళ్ళు కట్టిస్తామని మాటిచ్చింది. 2024 సెప్టెంబరులో అక్కడి ఆడిట్ శాఖ లెక్కచూసి, మాట నిలబెట్టుకోవాలంటే అనుకున్నదానికి పైన ఇంకా 58 నించి 74 కోట్ల పౌండ్లు కావాలని చెప్పింది. కొందరంటారు, నాణ్యత కాస్త తగ్గించుకుంటే ఇళ్ళ సంఖ్య పెరుగుతుంది కదా అని. బెవాన్‌ని దెప్పినవాళ్ళూ ఇదే అన్నారు. నన్నడిగితే నేను బెవాన్ పక్షమే. కాని ఆ మాట మా అమ్మాయి ఇంట్లో సోఫాలో కూచుని అనటం తేలిక. పక్కింటావిడ అక్కగారి మనవరాలి ముందు అనలేను.

ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు, ఒకడు బడికి వెళ్తాడు, రెండోది చంకపిల్ల. ముప్ఫై మైళ్ళ అవతల ఇంకో ఊళ్ళో ప్రైవేటు ఇంట్లో అద్దెకుండేది. అద్దె బాకీ లేదు, గొడవ లేదు. ఇంటాయన ఇల్లు అమ్ముకుంటానని చట్టప్రకారం ఆరు నెలల నోటీసిచ్చాడు. ఆరు నెలలూ తిరిగింది. దొరకలేదు. అప్పుడు అక్కడి అధికారులు పిల్లలతో సహా హోటల్ గదిలో పెట్టారు. హోటలంటే మనకి వైభోగంలా వినిపిస్తుంది. రెండు మంచాలు, ఒక కిటికీ, ఒక కెటిల్. వంటింటి వాడకం లేదు. తొమ్మిది నెలలు ఆ గదిలో ఉంది. పాలు వేడిచెయ్యాలంటే కెటిల్లో నీళ్ళు కాచి గిన్నెలో పోసి, అందులో సీసా పెట్టేదట. పెద్దవాడికి రోజూ బ్రెడ్డు, నీళ్ళు పోస్తే ఉడికే సేమ్యా. మన వాళ్ళు దరిద్రం గురించి చెప్పేటప్పుడు పొయ్యిలో పిల్లి లేవలేదంటారు. ఇక్కడ పిల్లి పడుకోటానికి అసలు పొయ్యే లేదు.

"మీ దగ్గర రెండు గదులు ఖాళీయే కదా, ఇక్కడికి తెచ్చుకోకూడదూ?" అని అడక్కుండా ఉండలేకపోయాను. రమ్మందట. ఆ పిల్ల చేసే ఉద్యోగం అక్కడ, పిల్లాడి బడి అక్కడ. ఇక్కడికొస్తే రెండూ పోతాయి. శని ఆదివారాలు మటుకు వచ్చేవాళ్ళు. వచ్చిన పూట ఆ కుర్రాడు ఎక్కడికీ పోకుండా వంటింట్లోనే నిలబడేవాడు. నేనొకసారి గోడ మీంచి పూరీలిస్తే, "ఇది మీరే వండారా, ఇంట్లోనే?" అన్నాడు.

ఇలా తాత్కాలిక వసతుల్లో ఉన్నవాళ్ళు 2024లో వేల్స్‌లో పదివేలు దాటారు. వాళ్ళలో రెండువేలకి పైగా పదహారేళ్ళ లోపు పిల్లలే. 2020లో కరోనా వచ్చినప్పుడు వీధిలో ఎవరూ పడుకోకూడదని అందరినీ లోపలికి తెచ్చారు. మంచిపనే చేశారు. ఆ తర్వాత ఎవరినీ పొమ్మనలేదు, అదీ మంచిపనే. కాని వాళ్ళు లోపల్నించి ఇంకా లోపలికి, అంటే సొంత గడపలోకి, వెళ్ళాలంటే ఇళ్ళేవీ?

మేమున్నప్పుడే, 2025 మేలో సెనెడ్ ముందుకి ఒక బిల్లు తెచ్చారు. ఇల్లు పోయే ప్రమాదం 56 రోజుల్లో ఉంటేనే అధికారులు కలగజేసుకోవాలని 2014 చట్టంలో ఉంది. దాన్ని ఆరు నెలలకి పెంచాలన్నారు. నోటీసు అందిన రోజునే పని మొదలుపెట్టవచ్చు. ఇల్లు పోవటం నీ చేతకానితనం వల్లనా, నీకు మిగతావాళ్ళ కంటే ముందు ఇవ్వాలా వద్దా అని మనిషిని నిలబెట్టి అడిగే పరీక్షలు క్రమంగా తీసేయాలన్నారు. ఆసుపత్రివాళ్ళకి ఎవరైనా గూడు పోయేలా ఉన్నారని తెలిస్తే, అడిగి, దారి చూపించాలి, 'మా శాఖ కాదు' అని ఊరుకోకూడదు. ఇది విని మా అమ్మాయి, "మా వార్డులో ఒకావిడని డిశ్చార్జి చెయ్యాలంటే ఎక్కడికని చెయ్యాలో తెలీక అయిదు రోజులు మంచం మీదే ఉంచామమ్మా" అంది. వేల్స్ భాషలో ఇళ్ళని 'తై' అంటారు. బిల్లు గురించి రేడియోలో మాట్లాడుతుంటే నాకా ఒక్క మాటే పట్టుబడేది. తై, తై అని చెవిలో పడుతుంటే, పక్కింటావిడ గిన్నెలు కడగటం ఆపి వినేది.

మేం తిరిగొచ్చేశాక నవంబరులో అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది, ఆ పిల్లకి ఇల్లు దొరికిందట. హౌసింగ్ అసోసియేషన్‌దే, రెండు పడగ్గదులు, పిల్లాడి బడికి నడిచి వెళ్ళేంత దూరం. తాళంచెవి ఇచ్చిన రోజున పక్కింటావిడ కూడా వెళ్ళింది. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టి, ముందు వంగి నేల తడిమి చూసిందట. బూడిదరంగు తివాచీ గదుల్లో, వంటింట్లో వినైల్. చంకపిల్లని దింపితే పాకుతూ గది ఆ చివరికి వెళ్ళిపోయింది.

"ఇంకేం మరి, పాయసం వండుకోమను" అన్నాను.

"దేని మీద వండుతుందమ్మా? నేలే గాని పొయ్యి ఇవ్వరుగా. కుక్కరూ, ఫ్రిజ్జూ అన్నీ ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలి. పాతది ఒకటి మా ఆసుపత్రిలో ఎవరో ఇస్తామన్నారు, ఆదివారం వెళ్ళి కారులో వేసుకొస్తాం. అంతదాకా ఆ కెటిలే."